దాటని మంచుకు నలభై పేజీల పథకం

ఒడ్‌లైవ్ హేగ్‌హైమ్ జీవితచరిత్ర రాయడానికి పెద్ద కాగితం అక్కర్లేదు. శరదృతువులో కొండరోడ్డుకు రెండు పక్కలా ఎర్రగుంజలు పాతాడు, వసంతంలో వాటిని పీకాడు. రోడ్ల శాఖలో అతను ముప్పై ఎనిమిదేళ్లు చేసిన దేశసేవ ఇంతే. మంచు తోసే బండి దారితప్పి లోయలో పడకుండా ఆ గుంజలే కాపాడతాయన్నది నిజమే. కానీ ఆ మాట ఒప్పుకుంటే మొదట్లోనే ఈ కథ ధోరణి చెడుతుంది కాబట్టి ఒప్పుకోను.

మనిషి పొడుగు. తన పొడుగుకు తానే క్షమాపణ చెప్పుకుంటున్నట్టు మెడ ముందుకు వంచి నడుస్తాడు. పెళ్లి చేసుకోలేదు. ఆ విషయంలో కూడా ఏదో పథకం వేశాడనీ, అది రెండో పేజీ దాటలేదనీ మా ఊళ్లో చెప్పుకుంటారు. మా ఊరు స్కార్‌వీక్. సముద్రం కొండల సందుల్లోంచి నూరు మైళ్లు లోపలికి దూరి వచ్చి, ఇక చాలనుకుని ఆగిపోయిన చోట నాలుగువందల మందిమి ఉంటాం. ఊరి వెనక కొండ, కొండమీద మంచు. బయటివాళ్లు దాన్ని హిమానీనదం అంటారు, నోరు తెరుచుకుని ఫొటోలు తీసుకుంటారు. మేం ఉత్త మంచు అనే అంటాం.

ఒడ్‌లైవ్‌ను మా ఊరి ఘనుల్లో చేర్చిన సంఘటన 1987 ఆగస్టులో జరిగింది. సరిగ్గా చెప్పాలంటే జరగలేదు. అప్పుడతనికి ఇరవై నాలుగేళ్లు. శుక్రవారం పొద్దున్నే సంచీ వీపున తగిలించుకుని కొండెక్కాడు. ఆదివారం సాయంత్రం బస్సులో దిగాడు. పద్నాలుగు గంటలు పొగమంచులో ఒంటరిగా నడిచి మంచు దాటాననీ, అవతలి అంచున స్టైన్‌బూ అనే రాతిబసలో పడుకున్నాననీ, అట్నుంచి రోడ్డుమీద చుట్టు తిరిగి వచ్చాననీ చెప్పాడు. లేదా అలా చెప్పాడని మేం చెప్పుకున్నాం. మంచుమీద పగుళ్లుంటాయి. ఒక్కొక్కటి చర్చి గోపురాన్ని నిలువునా మింగేటంత. అలాంటిచోట తాడు లేకుండా ఒంటరిగా నడిచినవాణ్ణి ఏ బుద్ధిమంతుల ఊరైనా నాలుగు చీవాట్లు పెట్టేది. మేం స్కార్‌వీక్ కొండనడక సంఘానికి యాత్రా విభాగాధిపతిని చేశాం.

ఆ మరుసటి జనవరిలో విభాగాధిపతి హోదాలో అతను ఒక తీర్మానం పెట్టాడు. సంఘమంతా నడుములకు ఒకే తాడు కట్టుకుని మంచు దాటేదాకా సభ్యులెవరూ విడిగా దాటరాదు. ఏ దారిన వెళ్లినా సరే, స్టైన్‌బూ గడప తొక్కరాదు. ఆ మొదటి అడుగు అందరిదీ కావాలి. కలిసి చెయ్యడమనే మాట వినబడితే చాలు, మావాళ్ల కళ్లు చెమ్మగిల్లుతాయి. చప్పట్ల మధ్య ఏకగ్రీవంగా ఆమోదించాం. తనొక్కడు వెళ్లొచ్చిన చోటికి ఇంకెవరూ వెళ్లకుండా తలుపు మూసుకున్నాడని అప్పుడెవరికీ తట్టలేదు. తట్టడానికి మాకు ఏడెనిమిదేళ్లు పట్టింది.

మా దేశంలో కొండబసకు తాళం లేకపోవచ్చు, దుప్పట్లు చాలకపోవచ్చు, పుస్తకం మాత్రం ఉండి తీరుతుంది. పేరు, ఊరు, ఎట్నుంచి వచ్చాడు, ఎటు వెళ్తాడు, రావడం ఎన్నోసారి, చివర విశేషాలేమైనా ఉంటే అవి. మనిషి తప్పిపోతే వెతికేవాళ్లు ఆ పుస్తకంతోనే మొదలుపెడతారు. పాత పుస్తకాలను పారెయ్యరు, అలమరలో దొంతర పెడతారు. వానపడి బసలో చిక్కుకుపోయిన మావాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడాల్సిన గతి పట్టకుండా వాటిని చదువుకుంటారు. పేరు రాయకుండా బసలో పడుకునే మనిషి ఈ దేశంలో ఇంకా పుట్టలేదు. ఒకసారి స్టైన్‌బూలో అమ్మకానికి ఉంచిన చేపల డబ్బాలు ఎత్తుకుపోయినవాడు కూడా పేరూ ఊరూ ఎటు వెళ్తున్నాడో రాసిపెట్టి మరీ వెళ్లాడు. పోలీసులు అటే వెళ్లి పట్టుకున్నారు.

స్టైన్‌బూ పుస్తకంలో, 1987 ఆగస్టు పేజీల్లో, ఒడ్‌లైవ్ పేరు లేదు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, ఒడ్‌లైవ్‌కు అసలే చెప్పలేదు. మొహమ్మీద అనడం మా అలవాటు కాదు. దాని బదులు అక్టోబరు నుంచి మే దాకా ప్రతి నెలా మొదటి మంగళవారం బడిలో జరిగే పథక సమావేశానికి తప్పకుండా వెళ్లేవాళ్లం. ఒడ్‌లైవ్ గళ్ల అట్లలాంటి వాఫిళ్లు కాల్చి మీద గోధుమరంగు మేకచీజ్ పరిచి తెచ్చేవాడు. అవి తింటూ, దాటనివాడు దాటడం గురించి చెప్తుంటే వినేవాళ్లం. నాటకశాల లేని ఊరు మాది.

పథకాన్ని మాత్రం తక్కువ చెయ్యలేను. మొదట మూడు పేజీలు. కొండకు అవతల దిగుతాం కాబట్టి తిరిగి రావడానికి కార్లు ముందే అక్కడ ఉండాలి. అందుకోసం నూట తొంభై కిలోమీటర్ల చుట్టుదారి, మధ్యలో సముద్రపు పాయలు దాటించే రెండు పంట్లు. పంటు వేళలు ఏటా మారతాయి, మారినప్పుడల్లా పథకం మారేది. సొరంగం తవ్వి ఒక పంటు తీసేశారు, ఆరు పేజీలు తిరగరాశాడు. నారింజపండ్లు ఎవరు మోయాలన్నది ఒక పేజీ. దారిలో ఫ్లాస్కు ఎక్కడెక్కడ తెరవవచ్చన్నది ఇంకో పేజీ. ఎండలకు మంచు కరిగి, లోయలోకి చాచిన దాని నాలుక వెనక్కి జరుగుతూ ఉండేది. అతను ఎక్కే దారి గురించి ఒక పేరా సవరించేలోపు అది ఇరవై గజాలు పోయేది. ప్రపంచమంతా మంచు కరుగుతోందని దిగులుపడుతుంటే, ఒక్క ఒడ్‌లైవ్ మాత్రం దాని చలవవల్ల ముప్పై ఏడేళ్లు బతికిపోయాడు.

ఇలా ఉండగా పళ్ల డాక్టరమ్మ హల్‌దీస్ వచ్చింది. ఉత్తరాది మనిషి, నలభై లోపు, ఊరికి వచ్చి రెండేళ్లు. ఎదుటివాళ్లు నోరు తెరిచి కదలకుండా ఉండగా తాను మాట్లాడటం అలవాటైన మనిషి. మే నెల సమావేశానికి మొదటిసారి వచ్చి వెనక బల్లమీద కూర్చుంది. రాజుగారిని తప్ప పిన్నాపెద్దా అందరినీ నువ్వు అనే దేశం మాది కాబట్టి, ఆవిడ అడిగిన తీరును ఎవరూ తప్పుపట్టలేదు.

"నాలుగో పేజీ మళ్లీ మారింది. నాలుక ఇంకా వెనక్కి పోయింది. అక్కడిప్పుడు చెరువు పడింది" అన్నాడు ఒడ్‌లైవ్, పటం మీద పెన్సిల్ పెట్టి.

"పోయినేడు కూడా పోయిందటగా?" అంది హల్‌దీస్.

"పోయింది."

"వచ్చే ఏడు?"

"పోతుంది."

"అయితే ఒడ్‌లైవ్, నువ్వు సవరిస్తూ కూర్చుంటే మనం చివరికి పడవేసుకుని వెళ్లాలి. ఆగస్టు రెండో శనివారం వెళ్దాం. జనాన్ని తాడు కట్టి మంచుమీద నడిపించే పరీక్ష నేను ప్యాసయ్యాను. రాత్రికి స్టైన్‌బూ, ఆదివారం కిందికి. చేతులెత్తండి."

దుకాణం యోస్తైన్ నా వైపు చూశాడు. నేను ఊరి బళ్లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి దిగిన మాష్టార్ని. ఎవరు ఎప్పుడు నవ్వు ఆపుకుంటున్నారో నాకు తెలుస్తుంది. మొదట యోస్తైన్ చెయ్యి లేచింది. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మాగ్నిల్ అల్లుతున్న మేజోడుతో సహా చెయ్యెత్తింది. అన్నిచేతులూ లేచాయి. ఆఖరికి ఒడ్‌లైవ్ చెయ్యి కూడా లేచింది, బడిలో జవాబు తెలియకపోయినా పక్కవాళ్లను చూసి ఎత్తే చెయ్యిలా.

"మనకు దారి తెలిసినవాడు ఉండనే ఉన్నాడుగా" అన్నాడు యోస్తైన్ తియ్యగా. "ఏవయ్యా ఒడ్‌లైవ్, పాత చుట్టాన్ని చూడబోతున్నావ్!"

"ఒంటరిగా దాటాడటగా, నిజమేనా?" హల్‌దీస్ కళ్లు మెరిశాయి. "అయితే పుస్తకంలో పేరుంటుంది. వెతికి తీస్తాను చూడు. నువ్వు నీ పేజీ పట్టుకుని ఉండగా అందరం ఫొటో దిగుదాం."

సమావేశం గదిలో అంతటి ఆనందాన్ని నేను అంతకుముందు చూడలేదు. ఎవరూ పైకి కనబడనివ్వలేదు.

ఆ వేసవంతా ఒడ్‌లైవ్ తప్పించుకునే దారులు వెతికాడు. స్టైన్‌బూలో ఎలుకలున్నాయట, గుడారాలు మేలన్నాడు. "ఎనిమిది మందికి తాడు, మంచుగొడ్డళ్లు, బూట్లకు మేకుల చట్రాలు మొయ్యాలి. పైన గుడారాలా? నీ వీపు మీదా?" అంది హల్‌దీస్. మోకాలు నొప్పన్నాడు. ఆవిడ వీధిలోనే అతని మోకాలు వంచి చూసి, పన్ను కన్నా గట్టిగా ఉందంది. జులై ఆఖర్లో నా ఇంటికొచ్చి వంటగదిలో అరగంట కూర్చున్నాడు.

"మాష్టారూ, ఆగస్టులో వాన పడుతుందంటావా?"

"పడొచ్చు."

"పడకపోవచ్చు కూడానా?"

"అదీ జరగొచ్చు."

కాఫీ తాగాడు. గుమ్మం దగ్గర ఆగి, ఏదో అనబోయి, నా ముల్లంగి మడి బాగుందని చెప్పి వెళ్లిపోయాడు. అడిగి ఉంటే సాయం చేసేవాణ్ణా అని ఎవరైనా నన్ను అడిగితే ముల్లంగి గురించే మాట్లాడతాను.

వాన పడలేదు. శుక్రవారం పథకం ప్రకారం కార్లు అవతలి లోయకు చేర్చాం. పంటులో యోస్తైన్ కేకు కోసి పంచాడు. దేనికని హల్‌దీస్ అడిగితే, "ఊరికే, పండగలా ఉంది" అన్నాడు. శనివారం తెల్లారి చెరువు పక్కనుంచి ఎక్కి తొమ్మిదింటికి మంచు అంచు చేరాం. హల్‌దీస్ ముందు, వరసగా మేం, నా వెనక చివరన ఒడ్‌లైవ్. బూట్లకు మేకుల చట్రాలు బిగించుకోవడం రాక అతను మూడుసార్లు విప్పి కట్టాడు. నలభై పేజీల్లో ఆ పేజీ ఉంది. నేను చదివాను, బొమ్మతో సహా ఉంది.

మొదటి పగులు మూరెడు వెడల్పు. లోపల నీలం, ఆ నీలానికి అడుగు లేదు. చంటిపిల్ల కూడా అంగ వెయ్యగలదు. ఒడ్‌లైవ్ నిలబడిపోయాడు.

"దూకు!" అని ముందునుంచి కేకేసింది హల్‌దీస్.

"1987లో ఇంకా వెడల్పుగా ఉండేవేమోనమ్మా, ఇంత చిన్నది చూసి నమ్మలేకపోతున్నాడు" అన్నాడు యోస్తైన్. తాడు పొడుగునా భుజాలు కదిలాయి. ఒడ్‌లైవ్ కళ్లు మూసుకుని దూకాడు. మూరెడు పగులుకు బారెడు ఎగిరి నా మీద పడ్డాడు.

మధ్యాహ్నానికి నడిబొడ్డుకు చేరాం. నాలుగు వైపులా తెల్లగా ఉంది. ఆ తెలుపు అంచుల్లో నల్లటి శిఖరాలు ముక్కులు మాత్రం బయటపెట్టి ఉన్నాయి. ఉన్నట్టుండి తాడు వెనక్కి లాగింది. తిరిగి చూస్తే ఒడ్‌లైవ్ కళ్లద్దాలు నుదుటిమీదికి తోసుకుని నిలబడి ఉన్నాడు. ఎండకు కళ్లు పాడవుతాయని పదిహేడో పేజీలో రాసినవాడే.

"ఏవయ్యా, చూసిందేగా! నడు!" అని అరిచాడు యోస్తైన్.

అతను వినలేదు. చాలాసేపు అలాగే ఉన్నాడు. మేం చలికి కాళ్లు తాటించాం.

సాయంత్రం ఆరింటికి స్టైన్‌బూ చేరాం. సూపు అయింది, బూట్లు పొయ్యి చుట్టూ చేరాయి. హల్‌దీస్ అలమర తెరిచి, చేతులకు దుమ్ము అంటించుకుంటూ పుస్తకాల దొంతర బల్లమీద పడేసింది. మేం ఏడుగురం పనులు కల్పించుకుని బల్ల చుట్టూ దగ్గరగా కూర్చున్నాం. మాగ్నిల్ మేజోడు బయటికి తీసింది గానీ ఒక్క కుట్టూ వెయ్యలేదు. ఒడ్‌లైవ్ నారింజ ఒలుస్తున్నాడు.

"ఎనభై ఏడు... జులై... ఆగస్టు." పేజీ తిప్పింది. వెనక్కి తిప్పింది. "లేదే?"

పొయ్యిలో కట్టె పగిలింది.

"లేదు," అన్నాడు ఒడ్‌లైవ్. "నేను రాలేదు."

హల్‌దీస్ తలెత్తింది.

"మంచు అంచుదాకా వచ్చాను. పొగమంచు కమ్మింది. రెండు రాత్రులు బండరాయి పక్కన కూర్చున్నాను. తెల్లారి అడుగు పెట్టబోయాను, పెట్టలేకపోయాను. ఊళ్లోకి నడవడానికి సిగ్గేసి కింద పెద్దరోడ్డు దాకా వెళ్లి బస్సెక్కాను. యోస్తైన్ వాళ్ల నాన్న దుకాణంలో, ఎలా ఉందిరా మంచు అన్నాడు. బాగుంది అన్నాను. మిగతాది నేను ఇంటికెళ్లేలోపే తయారైపోయింది. కాదని చెప్పడానికి మర్నాడు మళ్లీ దుకాణానికి వెళ్లాను. చప్పట్లు కొట్టారు."

ఇక్కడ మేం చెయ్యవలసిందల్లా నోరు మూసుకోవడమే. ఇన్నేళ్లూ బ్రహ్మాండంగా చేసిన పని అది.

"అయ్యో ఒడ్‌లైవ్!" అంది మాగ్నిల్, గుండెమీద చెయ్యివేసుకుని. "మేమంతా నమ్మాం కదయ్యా!"

"మాట మీద నిలబడి ఒక్కరం ఇటు అడుగుపెట్టలేదు," అన్నాడు యోస్తైన్. "తీర్మానం తీర్మానమే అనుకున్నాం. నీకోసమే ఆగాం!"

నేను కూడా ఒక వాక్యం మాట్లాడాను. పిల్లలకు ఏమని చెప్పుకుంటాం అన్న అర్థం వచ్చే వాక్యం. వ్యాకరణం బాగానే ఉంది.

హల్‌దీస్ మాత్రం పేజీలు తిప్పుతూనే ఉంది. నోరు తెరిపించాక ఒక్క పన్ను చూసి ఊరుకునే రకం కాదు. ఎనభై ఏడు మూసి తొంభైల్లోకి వెళ్లింది.

"మాగ్నిల్, నీ ఇంటిపేరు తూఫ్తే కదూ?"

"అవునమ్మా."

"1994 జులై తొమ్మిది. మాగ్నిల్ తూఫ్తే, స్కార్‌వీక్. అవతలి లోయనుంచి వచ్చింది, అటే తిరిగి వెళ్తుంది. విశేషాలు: కిటికీ రెక్క సరిగ్గా పడటం లేదు."

మాగ్నిల్ మొహం మేజోడు రంగుకు తిరిగింది, అది ఎర్రమేజోడు. బసలోకి రాగానే పేరు రాయడం మాకు ఊపిరి తీసుకోవడం లాంటిది. తీసుకున్న ఊపిరి ఎవరికి గుర్తుంటుంది? దొంగతనంగా, ఇంట్లో చుట్టాల ఊరని చెప్పి, తీర్మానాన్ని తొక్కి, నూట తొంభై కిలోమీటర్లు చుట్టు తిరిగి, నాలుగు గంటలు కొండెక్కి, ఒకడి అబద్ధం పట్టుకోవడానికి వచ్చిన ప్రతివాళ్లమూ మొదట చేసిన పని, పెన్ను తీసి గుండ్రటి అక్షరాలతో పేరూ ఊరూ రాసుకోవడం.

ఒడ్‌లైవ్ నారింజ కింద పెట్టాడు. చేతులు తుడుచుకుని, "ఇటివ్వు" అన్నాడు.

చదివాడు. రోడ్ల శాఖలో గుంజల లెక్క చదివే గొంతుతో, ఎక్కడా ఎత్తకుండా దించకుండా చదివాడు.

"1995 ఆగస్టు ఇరవై. యోస్తైన్ నెస్, స్కార్‌వీక్. రెండో పేరు లేదు, అంటే ఒంటరిగా వచ్చాడు. విశేషాలు: చేపల డబ్బాలకు మా దుకాణంలో ధర తక్కువ."

"అది... వ్యాపార విషయంగా," అన్నాడు యోస్తైన్.

మిగతా ముగ్గురివీ దొరికాయి. వాళ్ల పేర్లు ఇక్కడ రాయను, వాళ్లలో ఇద్దరు నాకు బంధువులు. ఒకాయన కొడుకును కూడా తీసుకొచ్చాడు. ఒకావిడ పుస్తకంలో పువ్వు నొక్కిపెట్టింది. ఒడ్‌లైవ్ అన్నీ చదివాడు, పువ్వును పడకుండా మళ్లీ అదే పేజీలో పెట్టాడు. తర్వాత ఒకచోట వేలు ఆపి కాస్త ఎక్కువసేపు చూశాడు. ఆ వేలి కింద ఏముందో నాకు అప్పుడు గుర్తొచ్చింది. పాతికేళ్లకు పైగా ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

"1996 జూన్ ముప్పై. మాష్టారిది. దస్తూరీ బాగుంది. విశేషాలు: 1987 ఆగస్టు చూశాను. అనుకున్నదే."

హల్‌దీస్ మా ఒక్కొక్కరి మొహమూ చూసింది. పుచ్చిన పళ్లు చాలా చూసినావిడే, అయినా కొంచెం వెనక్కి జరిగింది.

"అంటే వీళ్లందరికీ తెలుసా?" అని అడిగింది ఒడ్‌లైవ్‌ను.

"ఇరవై ఎనిమిదేళ్లుగా," అన్నాడు అతను. తనలో తాను ఏదో లెక్క వేసుకున్నాడు. "నెలకో సమావేశం. ఏడాదికి ఎనిమిది. మనిషికి మూడు వాఫిళ్లు." అక్కడ ఆగిపోయాడు. ఆ లెక్క పూర్తిచెయ్యడం అతనికే నచ్చలేదనుకుంటా.

తిడతాడనుకున్నాం. తిడితే బాగుండేది. మాకు సమాధానాలు సిద్ధంగా ఉన్నాయి, నాకైతే రెండు ఉన్నాయి. అతను పాత పుస్తకాలను సంవత్సరాల వరసలో సర్ది అలమరలో పెట్టాడు. కిటికీలో ఉన్న కొత్త పుస్తకం తెచ్చి పెన్ను అడిగాడు. పేరు రాశాడు. ఊరు రాశాడు. మంచుమీదుగా వచ్చానని రాశాడు. రావడం ఎన్నోసారి అన్నచోట ఒకటి వేశాడు, పక్కనే అక్షరాల్లో కూడా 'మొదటిసారి' అని రాశాడు. విశేషాలు ఖాళీగా వదిలేశాడు. పుస్తకం బల్లమీద మా వైపుకు తోశాడు.

"మీరూ రాయండి."

రాయకుండా ఎలా ఉంటాం? యోస్తైన్ రాశాడు, రెండు. ఆ ముగ్గురూ రాశారు, రెండు, రెండు, రెండు. మాగ్నిల్ పెన్ను పట్టుకుని ఆలోచించి, ఆలోచించి, మూడు వేసింది.

"మూడా?" అంది హల్‌దీస్.

"మొదటిసారి సరిగ్గా చూశానో లేదోనని ఇంకోసారి వచ్చాను," అంది మాగ్నిల్, ఎవరి మొహమూ చూడకుండా.

చివరికి పుస్తకం నా దగ్గరికి వచ్చింది. పేరు రాశాను. ఊరు రాశాను. తర్వాత గడిలో రెండు వేశాను, వీలైనంత చిన్నగా, కొస కాస్త లోపలికి మలిచి, ఒకటి అనుకునేవాళ్లు ఒకటి అనుకునేలా.

ఒడ్‌లైవ్ బల్లమీదుగా మెడ వంచి చూశాడు.

"మాష్టారూ," అన్నాడు, "అంకె స్పష్టంగా రాయి."